నీలమ్మ ఎవరని అడిగిన నాడు

సారు పోయాడని కార్డు వచ్చింది.

చావు కార్డును గడప లోపలికి తేరు. వాకిట్లోనే నిలబడి చదివి, చింపి, కాళ్లు కడుక్కుని ఇంట్లోకి పోవాలి. నేను చదివింది మూడో తరగతి. కూడబలుక్కుని చదవడానికి చాలాసేపు పట్టింది. అందులో సారు పేరు ఇంటిపేరుతో సహా రాసి ఉంది, మేము ఆయనను ఎన్నడూ పేరుతో పిలవలేదు కాబట్టి ఇదెవరి కార్డో, పొరపాటున మా ఇంటికి వచ్చిందేమో అనుకున్నాను. నార్కట్‌పల్లి అన్న మాట దగ్గరికి వచ్చాక అర్థమైంది, మా సారు ఉండేది అక్కడే. బడి నుంచి వచ్చి నీళ్లు అడిగాడట. నీళ్లు తెచ్చేలోపే అయిపోయిందట. యాభై కూడా నిండలేదు.

చింపడానికి నాకు చేతులు రాలేదు. కార్డు తెచ్చి బియ్యం డబ్బా కింద పెట్టాను. ఇంటికి కీడు చుట్టుకుంటుందని కోడలు గొణిగింది. కీడు జరిగి చాలా ఏండ్లయింది, అది నా చేతుల మీదుగానే జరిగింది అని దానికి చెప్పలేదు. మీకు చెప్తున్నాను. నా రాతలో తప్పులుంటే దిద్దుకుని చదవండి.

మాది కొల్లాపూర్ అవతల చిన్న ఊరు. ఊళ్లో పది పన్నెండు మగ్గాలు, అందులో ఒకటి మాది. సారు లెక్కలు చెప్పడానికి మా ఊరి బడికి వచ్చినప్పుడు ఆయనకు పెండ్లి కాలేదు. మా ముందరి అర్ర కిరాయికి తీసుకున్నాడు. ఒక ట్రంకు పెట్టె, ఒక చాప, సంచి నిండా పుస్తకాలు. అంత సన్నగా ఉన్నవాడు ఏం తింటాడో, ఏం జబ్బు ఉందో, మా ఇంట్లో ఉండగా ఏదైనా అయితే వాళ్లవాళ్లకు నేనేం సమాధానం చెప్పాలో అని ఆ మొదటి వారం నాకు నిద్ర లేదు. ఆయన మాత్రం సుద్దముక్క చెవి మీద పెట్టుకుని, తలుపు ఎత్తుగానే ఉన్నా అలవాటుగా తల వంచి లోపలికి వచ్చి పోయేవాడు.

నా ఫికరు సంగతి ఆయనకు రెండు రోజుల్లోనే తెలిసిపోయింది. పొద్దున్నే చాయ్ గ్లాసు అందుకుంటూ, ఇంట్లో ఏం కూర అని అడిగినట్టు అడిగేవాడు.

“ఇయ్యాల దేనికి ఫికరు అమ్మా?”

“మబ్బు వట్టింది సారూ. వాకిట్ల పరిచిన పడుగు నూలు తడుస్తదేమోనని.”

“నిన్నటి ఫికరు ఏమాయె?”

“నిన్న దూడ మేత ముట్టలేదు. ఇయ్యాల తిన్నది.”

“మరి గా ఫికరు వాపసు తీస్కోరాదు,” అనేవాడు. ఆయన వెక్కిరింపులో మంట ఉండేది కాదు.

ఇప్పుడు ఆట గురించి చెప్పాలి. అది చెప్పకపోతే మిగతాది మీకు అందదు.

అమావాస్య నాడు మేము మగ్గం ఎక్కం. తాతల నాటి కట్టు అది. ఆ రోజు నూలును అటూ ఇటూ తోసే నాడె ముట్టుకోం. అట్లాంటి ఒక అమావాస్య నాడు, సారు బడి విడిచి వచ్చాక, నేను వాకిట్లో ఎండబోసిన చింతగింజల్లోంచి దోసెడు తీసుకుని వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. అరుగు మీద మా ఆయన, పక్కింటి రజియా ఉన్నారు. రజియా గంప నెత్తిన పెట్టుకుని ఊరూరా గాజులమ్మేది. నోరు ఊరుకోని మనిషి.

“ఆట ఆడుదామా? మనిషిని తయారు జేసే ఆట,” అన్నాడు సారు.

“మనుషులను తయారు జేసుడు మాకెరుకే సారూ,” అన్నాడు మా ఆయన. “ముగ్గురిని జేసినం.”

రజియా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. సారు చెవులు ఎర్రబడ్డాయి. కానీ గింజలు పంచడం ఆపలేదు.

పట్నంలో చదువుకునేటప్పుడు హాస్టల్‌లో ఆయన పక్క మంచం పిల్లవాడు వేరే దేశం నుంచి వచ్చినవాడట. వాని దగ్గర లావుపాటి పుస్తకం ఒకటి ఉండేదట. ఆ ఆటలో పావులు, గళ్లు ఉండవు. ఒకరు కథ నడిపిస్తారు, మిగతావాళ్లు ఆ కథలో తలా ఒక మనిషి. ఆ మనిషిని ఎవరికి వారే తయారు చేసుకోవాలి. వచ్చీరాని ఇంగ్లీషుతో ఆయనకు అర్థమైనంత తీసుకుని, మిగతాది మా కోసం తనే కల్పించాడు.

తలా నలభై చింతగింజలు. బలం, బుద్ధి, మాట నేర్పు, ధైర్యం అని ముగ్గుపిండితో గళ్లు గీశాడు. అవే కాదు, ఈత, వైద్యం, చెట్లెక్కుడు, నీకు ఏం కావాలంటే దానికి ఒక గడి గీసుకోవచ్చు. ఏ గడిలో ఎన్ని గింజలు పెడితే నీ మనిషికి ఆ విద్య అంత. నలభై చాలకపోతే ఒక వంక పెట్టుకోవాలి. కుంటి కాలు, మతిమరుపు, మొండితనం, ఏదో ఒకటి. వంకకు తగినన్ని గింజలు సారు పైన వేసి ఇచ్చేవాడు. అందరి మనుషులు తయారయ్యాక కథ మొదలు. ఏరు దాటాలంటే ఈతకు ఎన్ని గింజలున్నాయో చూసి గవ్వలు వేయాలి. గవ్వలు కలిసి వస్తే దాటినట్టు, లేకపోతే కొట్టుకుపోయినట్టు.

“కొన్ని ఆటలల్ల ముందే రాసిపెడ్తరు. వీరుడంటే గిట్లుండాలె, మంత్రగాడంటే గట్లుండాలె అని,” అన్నాడు సారు. “గీ ఆటల గట్ల లేదు. నీ మనిషిని నువ్వే నేసుకోవాలె. అందరికీ అవే నలభై గింజలు. ఏడ పెడ్తవో అదే నువ్వు.”

మా ఆయన మల్లడు అనేవాణ్ణి చేశాడు. కృష్ణ నిండుగా పారుతున్నా ఈదగలవాడు, చేతిలో గొడ్డలి. ఈతకు గింజలు చాలక కుడికన్ను తీసేసి ఆరు గింజలు తీసుకున్నాడు. రజియా జమీలా అనే దొంగను చేసింది. తాళాలు తీయడానికి పదిహేను, అబద్ధాలకు పద్నాలుగు.

“గన్ని అబద్ధాలెందుకే నీకు?” అన్నాను.

“గాజులమ్మేదాన్ని, ఇంకేం గావాలక్కా? ఈ రంగు నీ చేతికి మస్తుగుంది అని రోజుకు నలభైసార్లు అంటా.”

నా ముందు గింజలు అట్లాగే ఉన్నాయి. ఏ గడిలో పెట్టబోయినా రెండో గడి ఖాళీగా కనిపించి భయమేసేది. “ఎన్ని పెడితే ఏం గాకుండ ఉంటది సారూ?” అని అడిగాను.

“ఏం గాకుండ ఉండేటందుకు గడి లేదమ్మా,” అన్నాడు.

చివరికి వినికిడికి పది పెట్టాను, ఎవరైనా వస్తుంటే ముందే తెలియడానికి. ఉరకడానికి పది. దాగుకోవడానికి, దాచడానికి పది. పసరు వైద్యానికి పది. గింజలు అయిపోయాయి.

“ధైర్యానికి?”

“వద్దు సారూ. ధైర్యమున్నోళ్లే ముందుగాల పోతరు.”

ఆయన నవ్వి నవ్వి కళ్లు తుడుచుకున్నాడు. కాగితం తీసి నా ముందే రాశాడు. పేరు: నీలమ్మ. ధైర్యం దగ్గర సున్నా చుట్టాడు.

రెండేండ్లు ఆడాం. అమావాస్య అమావాస్యకు కథ ముందుకు పోయేది. ఒక్కో కథ అయ్యాక తలా ఒకటో రెండో గింజలు కొత్తగా ఇచ్చేవాడు, వాటితో మనిషిని పెంచుకోవాలి. మా ఆయన మగ్గం మీద కూర్చుని కూడా వచ్చే అమావాస్యకు మల్లడు ఏం చేయాలో చెప్పేవాడు. పెండ్లయిన ముప్పై ఏండ్లలో ఆయన నాతో అంత మాట్లాడింది అప్పుడే. ఒక కథలో మల్లడు సుడిలో చిక్కుకున్నాడు. గట్టున ఉన్నది నీలమ్మ ఒక్కతే. కేకేసి దారి చెప్పాలి, కానీ కేకేస్తే వెంటపడేవాళ్లకు తను దొరికిపోతుంది. “నీలమ్మ అరుస్తదా?” అని అడిగాడు సారు. ధైర్యం సున్నా కదా, గవ్వలు వేసే పనే లేదు. నేను ఏడ్చాను. కథ అని తెలిసీ ఏడ్చాను. మల్లడు ఏదో కొమ్మ దొరికి బతికాడు. ఆ రోజు వచ్చిన రెండు గింజలు ధైర్యం గడిలో పెట్టాను. అట్లా పెడుతూ పెడుతూ రెండేండ్లకు నీలమ్మ ధైర్యం ఏడు అయింది. సారు కాగితం మీద పాత అంకె కొట్టేసి కొత్తది రాసినప్పుడల్లా, అది నాలో చేరినట్టే అనుకునేదాన్ని. తెలివి తక్కువదాన్ని.

ఊళ్లో కొందరు జూదమన్నారు. పంతులు ఆడవాళ్లను కూర్చోబెట్టుకుని గవ్వలు ఆడిస్తున్నాడన్నారు. “అననియ్యి అమ్మా,” అనేవాడు సారు. “చూడనోళ్లకు ఆట గూడ నేరమే.” నాకు ఆ మాట నచ్చలేదు. నలుగురి నోట్లో పడొద్దని చెప్పాను. విని ఉంటే బాగుండేది. ఆయన మీద నాకు ఈ కోపం కూడా ఉంది, చచ్చిపోయినవాణ్ణి అనకూడదు గానీ ఉంది.

ఆ రోజులు ఎట్లాంటివో మా దిక్కు వాళ్లకు చెప్పనక్కర లేదు. నల్లమల పక్కనున్న ఊళ్లు మావి. అడవిలో అన్నలు, ఊళ్లలో పోలీసులు. అన్నానికి వాళ్లొచ్చారా అని వీళ్లు అడుగుతారు, వీళ్లతో ఏం మాట్లాడావని వాళ్లు అడుగుతారు. ఆ ఎండాకాలం అడవిలో ఏదో జరిగి, పోలీసులు ఊరూరూ ఇల్లిల్లూ గాలిస్తున్నారు. పై ఊరి నుంచి వచ్చిన చదువుకున్నవాళ్లను, పుస్తకాలున్నవాళ్లను ముందు అడుగుతున్నారని బోరింగు దగ్గర చెప్పుకున్నారు.

నీళ్ల బిందె అక్కడే వదిలి ఇంటికి ఉరికాను. మా ఆయన చీరలు అప్పజెప్పడానికి కొల్లాపూర్ పోయాడు. సారు బడిలో ఉన్నాడు. సారు అర్రలోకి పోయాను. గూట్లో లెక్కల పుస్తకాల పక్కన, చింతగింజల డబ్బా మీద, ఆట కాగితాలు పేర్చి ఉన్నాయి. వాటిని అట్లాగే వదిలేసి ఉంటే అయిపోయేది. ఏ పోలీసు అడిగినా గింజలు, గవ్వలు, కాగితం ఒకచోటే ఉండేవి, ఆట అని పిల్లలకు కూడా అర్థమయ్యేది. నేను కాగితాలు మాత్రం తీశాను. ఆముదం గుడ్డలో చుట్టి, నేసేటప్పుడు కాళ్లు పెట్టుకునే మగ్గం గుంతలోకి దిగి, తొక్కుడు కట్టెల కింద మట్టి తవ్వి పూడ్చి పెట్టాను. సారును కాపాడుతున్నాననుకున్నాను. సాలెవాళ్ల ఇంట్లో ఏదైనా దాచాలంటే అందరికీ అదే జాగా తడుతుందని, గాలించేవాళ్లకూ అది తెలుసని, నాకు తోచలేదు.

వచ్చారు. ఎస్సై, ఇద్దరు కానిస్టేబుళ్లు. సారు ట్రంకు పెట్టె బోర్లించారు. పుస్తకాలు దులిపారు. ఏం దొరకలేదు. పోబోతున్నారు. ఎస్సై నీళ్లడిగాడు. చెంబు ఇస్తుంటే నా చూపు మగ్గం గుంత మీదికి పోయింది. ఒక్కసారి కాదు. పోవద్దనుకున్నకొద్దీ పోయింది.

“ఏం దాచినవమ్మా గా గుంతల?” అన్నాడు ఎస్సై, చెంబు దించకుండానే.

తవ్వడానికి ఎంతోసేపు పట్టలేదు. గుడ్డ విప్పి అక్కడే నిలబడి చదివాడు. నేను చూస్తుండగానే ఆయన ముఖం మారిపోయింది.

“మల్లడు. ఆయుధం గొడ్డలి. గుర్తులు, కుడికన్ను లేదు. ఈత బాగ వస్తది. జమీలా. తాళాలు పగలగొట్టుట్ల దిట్ట. నీలమ్మ. వైద్యం ఎరుక. దాచిపెట్టుడు ఎరుక. ధైర్యం ఏడు.” కాగితాలు ఒక్కొక్కటే చూసి, “ప్రతి అమాసకు కలుస్తరు. తారీకులు గూడ ఏసుకున్నరు,” అన్నాడు కానిస్టేబుళ్లతో. తర్వాత నా దిక్కు తిరిగాడు.

“నీలమ్మ ఎవరు?”

నేను అని చెప్పాలి. రెండక్షరాలు. నేనే సారూ, ఇది ఆట, ఇదిగో గింజల డబ్బా అని చూపించాలి.

“నాకెరుక లేదు,” అన్నాను. “అవి సారువి.”

బడి నుంచి సారును పిలిపించారు. ఆయన వచ్చి, తవ్విన గుంతను, ఎస్సై చేతిలో కాగితాలను చూశాడు. “అది ఆట సార్. ఉత్తుత్త మనుషులు,” అన్నాడు నింపాదిగానే.

“ఆటయితే భూమిల ఎందుకు పాతిపెడ్తరు?”

అప్పుడు సారు నన్ను చూశాడు. నేను తల వంచుకున్నాను. ఆయనకు అంతా అర్థమై ఉంటుంది. ఆమెనడగండి, ఆమే నీలమ్మ అని ఒక్క మాట అంటే సరిపోయేది.

“నేనే పాతిపెట్టిన,” అన్నాడు.

జీపెక్కించుకుని పోయారు. మా ఆయన సాయంత్రం వచ్చి సంగతి విని, తలుపు గొళ్లెం వేసి, “మనం ఏం మాట్లాడొద్దు. మల్లడు నేనే అని తెలిస్తే నాకు రెండు కండ్లున్నయని జూడరు, నన్ను గూడ తీస్కపోతరు,” అన్నాడు. ఆయనను అనడానికి నాకు నోరు లేదు. నేను అప్పటికే అనకూడనిది అని ఉన్నాను.

రజియా పై ఊళ్లకు గాజులమ్మడానికి పోయి మర్నాడు వచ్చింది. తలుపు కొట్టింది.

“అక్కా, పదా. స్టేషన్‌కు పోయి చెప్దాం. గింజలు, గవ్వలు తీస్కపోయి వాళ్ల ముంగటనే ఆడి చూపిద్దాం. గంటసేపు పని.”

“వాళ్లు నమ్మకపోతే?”

“నమ్మకపోతే అప్పుడు జూద్దాం.”

“మనలను గూడ కూసోబెడితే? ఇంట్లో పసిపిల్లలున్నరు, మగ్గం మీద పని ఉన్నది...”

“గా సారును కూసోబెట్టి ఉంటరనుకుంటున్నవా అక్కా?” అంది రజియా. ఆ మాటకు నేను తలుపు వేసుకున్నాను. గొళ్లెం కూడా పెట్టాను. బయట ఆమె గాజులు కొంతసేపు చప్పుడు చేశాయి, తర్వాత లేవు.

రెండు రోజులు వాళ్ల పెద్దవాళ్లను ఒప్పించి, నాలుగో నాడు ఆమె ఒక్కతే పోయింది. గంపలో గాజుల కింద చింతగింజలు, గవ్వలు. తర్వాత ఆమే చెప్పింది. ఎస్సై లేడట. వయసు మళ్లిన హెడ్డు కానిస్టేబులు ఒకాయన ఉన్నాడట. స్టేషన్ అరుగు మీద ముగ్గుపిండితో గళ్లు గీసి, నలభై గింజలు ఆయన ముందు పోసి, “ఒక్క మనిషిని జెయ్యి సారూ, తర్వాత నన్ను గూడ లోపలెయ్యి” అందట. హెడ్డు మొదట కసిరాడు. తర్వాత వంగి చూశాడు. తర్వాత కూర్చున్నాడు. బలానికి పెట్టాడు, మాటకు పెట్టాడు.

“ప్రమోషన్‌కు గడి లేదా?” అని అడిగాడట.

“గీసుకో సారూ, ఎవరొద్దన్నరు? వంక ఏదన్న పెట్టుకుంటే ఇంకో ఐదు గింజలిస్త.”

“నా పెండ్లాముతోటి భయం.”

“గది వంక గాదు సారూ, గది అందరికున్నదే.”

కానిస్టేబుళ్లు నవ్వారట. పొద్దు వాలేసరికి ముగ్గురు కానిస్టేబుళ్లకు మనుషులు తయారయ్యారట. మర్నాడు ఎస్సై వచ్చి ఆ గళ్లు, ఆ గింజలు చూసి, ఆ కాగితాలు తెప్పించి పక్కన పెట్టి చూసుకుని, సారును పంపించేయమన్నాడట.

గంటసేపు పని. రజియా మొదటే చెప్పింది. నేను ఆ మాట ఈనాటికీ మింగలేకుండా ఉన్నాను.

సారు బస్సు దిగి నడుచుకుంటూ వచ్చాడు. కుడిచేతికి గుడ్డ చుట్టి ఉంది. ఆ నాలుగు రోజులూ వాళ్లు అడిగింది ఒకటేనట, మల్లడు ఎవడు, జమీలా ఎవతె, నీలమ్మ ఎక్కడుంది. కథలో మనుషులు అన్నాడట. ఎన్నిసార్లు అడిగితే అన్నిసార్లు అదే. ఇవి కూడా రజియా అడిగి తెలుసుకున్నవే. నాకు ఆయన ఒక్క మాట చెప్పలేదు. దవాఖానలో కట్టు విప్పాక చూస్తే చూపుడు వేలు, మధ్యవేలు వంగలేదు. మళ్లీ ఎన్నడూ వంగలేదు. సుద్దముక్క ఎడమచేతికి మార్చుకున్నాడు. పిల్లలు నవ్వేవాళ్లట, అంకెలు ఏటవాలుగా వస్తున్నాయని.

పొద్దున చాయ్ ఇస్తే తీసుకునేవాడు. కానీ దేనికి ఫికరు అని అడగలేదు. అడిగితే చెప్పేదాన్నేమో. అమావాస్య వచ్చింది, పోయింది. అరుగు మీద ఎవరూ కూర్చోలేదు. నెల తిరగకుండానే నల్లగొండ దిక్కు బదిలీ చేయించుకున్నాడు.

పోయే రోజు తల వంచి గడప దాటి, “పోయొస్త అమ్మా,” అన్నాడు. అప్పుడైనా అనాల్సింది. నేనేమన్నానో తెలుసా? బస్సులో కూర్చునే జాగా దొరుకుతుందో లేదో అన్నాను. ట్రంకు పెట్టె పైన వేస్తే వాన పడితే ఎట్లా అన్నాను. అక్కడి నీళ్లలో ఫ్లోరైడు ఉంటుందట, పండ్లు పాడవుతాయి, కాచుకుని తాగు సారూ అన్నాను. ఒకదాని వెనుక ఒకటి ఫికరు తీసి ఆయన ముందు పోశాను, ఆ ఒక్కటి తప్ప. ఆయన అన్నిటికీ తలూపాడు.

తర్వాత ఒక్కసారే కలిశాను. మా ఆయన పోయినప్పుడు ఎవరు చెప్పారో, వచ్చాడు. తల వెంట్రుకలు పలచబడ్డాయి. నా ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు. వేళ్ల దిక్కు చూసి, నొప్పి ఉందా అని అడిగాను.

“వానకాలంల జర గుంజుతయి.”

“సారూ, ఆనాడు నేను...”

“వద్దమ్మా,” అన్నాడు.

అంతే. ఎందుకు వద్దన్నాడో నాకు తెలియదు. క్షమించి వద్దన్నాడా, వినడం కూడా ఇష్టం లేక వద్దన్నాడా? చాలామంది పోయినవాళ్ల గురించి మంచి మాటలు రాస్తారు, నేనూ రాయాలనే కూర్చున్నాను. మంచివాడు. నాకంటే చాలా చిన్నవాడు, నన్ను కాపాడాడు. కానీ నా నోటి దాకా వచ్చిన మాటను ఆయన తిప్పి నాకే ఇచ్చిపోయాడు. దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో చెప్పి పోలేదు.

అందుకే కార్డు వచ్చాక దినాలకు పోయాను. కోడలు వద్దంది. రజియా ఇప్పుడు తన బిడ్డ ఇంట్లో ఉంది, మోకాళ్లు లేవడం లేదు, లేకపోతే వచ్చేది. ఒక్కదాన్నే బస్సులు మారి నార్కట్‌పల్లిలో దిగి, అక్కడి నుంచి ఆటోలో పోయాను. దారి పొడుగునా ఇల్లు దొరకదేమో, దొరికినా నన్ను ఎవరని అడుగుతారో అని ఫికరే.

సారు భార్య చిన్న మనిషి. నన్ను లోపలికి తీసుకుపోయి కూర్చోబెట్టింది. కొల్లాపూర్ దిక్కు నుంచి అనగానే, “కిరాయికున్న ఇంటి పెద్దమ్మా? మీ ముచ్చట జెప్తుండె. మీ చాయ్ మంచిగుంటదని,” అంది.

“ఆ చేతి సంగతి చెప్పిండా బిడ్డా?”

“స్కూల్ ఇనుప తలుపుల పడ్డదట గద.”

పదేండ్ల కాపురంలో ఆమెకు కూడా చెప్పలేదు. నేను ఇంతదూరం వచ్చింది ఒక మాట దించుకోవడానికి. దించుకుంటే ఆయన ఆమెతో ఆడిన ఒక్క అబద్ధం కూలిపోతుంది. దించుకోకపోతే నేనూ ఇట్లాగే పోతాను. ఆయన మళ్లీ వద్దమ్మా అంటున్నట్టే అనిపించింది. ఈసారి వినలేదు. అంతా చెప్పాను. గుంత తవ్వింది నేనని, నీలమ్మ నేనని, నాకెరుక లేదన్నానని, రజియా పిలిస్తే గొళ్లెం పెట్టుకున్నానని. చెప్తున్నంతసేపూ ఆమె విస్తరాకులు తుడుస్తూనే ఉంది.

అయిపోయాక ఆకు పక్కన పెట్టింది.

“ఇప్పుడు జెప్తే నేనేం జెయ్యాలె పెద్దమ్మా?” అంది. కోపం లేదు ఆ గొంతులో. నిజంగానే అడిగింది. “ఆయనున్నప్పుడు జెప్తే, ఇద్దరం గలిసి మిమ్మల్ని తిట్టుకునేటోళ్లం.”

లోపల ఎవరో పిలిస్తే లేచింది. పోతూ పోతూ, “తిని పోండ్రి, ఎండల వడి వచ్చిండ్రు,” అంది.

చేతులు కడుక్కుందామని వెనుక వసారాలోకి పోయాను. అక్కడ మంచం మీద సారు చొక్కాలు మడతలు పెట్టి ఉన్నాయి, ఎవరికైనా ఇచ్చేయడానికి తీసిపెట్టినట్టున్నారు. పైనున్న ఒక్కదానికి తప్ప ఏ చొక్కాకూ గుండీలు లేవు. వంగని వేళ్లతో గుండీ పెట్టుకోవడం రాదు కదా, అన్నిటికీ గుండీలు కోసేసి, ఆ జాగాలో నొక్కితే పట్టుకునే ప్రెస్ గుండీలు చేత్తో కుట్టి ఉన్నాయి. ఆ పైనున్నది కొత్తది, లేత నీలం గీతలది, ఇంకా గంజి వాసన పోలేదు. దానికి పై మూడు ఆమె మార్చింది. కింది రెండు దుకాణంలో కుట్టినట్టే ఉన్నాయి. నాలుగో దాని దగ్గర బట్టకు గుచ్చిన సూది అట్లాగే ఉంది, దారం ఇంకా తెంపలేదు.